సూర్యుని పొలిమేర

పొలమునకు గట్టు కలదు. గ్రామమునకు పొలిమేర కలదు. దేశమునకు సరిహద్దు కలదు. ఇవి యన్నియు మనుష్యులు ఏర్పరచుకొన్నవి. రాయి పాతియో, గట్టు వేసియో, పటముమీద గీత గీసియో “ఇంతవరకు మాది” అని చెప్పుకొందురు. రాయి పెరికివేసినచో తగవు పుట్టును. గొలుసు తెచ్చి మరల కొలిచినచో తగవు తీరును. ప్రకృతి యేర్పరచిన హద్దులకు ఇట్టి రాళ్లు లేవు. అంతర్వేదికడ వసిష్ఠ గోదావరి సముద్రమున కలియుచున్నది. నది యెక్కడ ముగిసినది, సముద్రమెక్కడ మొదలైనది అని పడవవాని నడిగినచో అతడేమి చెప్పును? నీటి రంగు ఒకచోట మారును. రుచి మరియొకచోట మారును. పోటు వచ్చినప్పుడు ఆ రెండు చోట్లును జరిగిపోవును. ఒక్క గుర్తు మాత్రమే చూచి “ఇదే హద్దు” అనువాడు తొందరపాటువాడు. అన్ని గుర్తులును ఒక్కచోటనే కనబడవలెనని పట్టుబట్టువానికి హద్దు ఎన్నటికిని దొరకదు.

సూర్యునికిని ఇట్టి పొలిమేర యొకటి కలదు. మానవులు నిర్మించిన నౌక యొకటి దానిని మొట్టమొదట 2012వ సంవత్సరమున దాటినది. దాటిన సంగతిని ఆ దినముననే యెవరును ప్రకటింపలేదు. ఏడాదికి పైగా శాస్త్రజ్ఞులు తమలో తాము వాదించుకొనిరి. “ఈ నౌక సౌరకుటుంబమును ఎన్నిమారులు దాటును?” అని పరిహాసమాడినవారును కలరు. ఆ యాలస్యము పరిహాసమునకు తగినది కాదు. ఆ సుదీర్ఘ ప్రయాణమున మిక్కిలి గౌరవింపదగిన ఘట్టమేది యన్నచో, హద్దు దాటిన దినముకంటె, దాటితిమని చెప్పక ఆగిన ఆ సంవత్సరమునే చూపవలసియుండును. ఎందువలననో తెలియుటకు కథ మొదటినుండి తెలియవలెను.

సూర్యునినుండి వెలుగును వేడిమియు మాత్రమే గాక, విద్యుదావేశము గల సూక్ష్మకణములు కూడ నిరంతరము నలుదెసలకు వెడలుచున్నవి. వీనిలో ప్రోటానులును ఎలక్ట్రానులును ప్రధానమైనవి. ఈ ప్రవాహమునకు సౌరపవనమని పేరు. పవనమన్నంతమాత్రమున ఇది మనము పీల్చు గాలివంటిది కాదు. భూమి దాపున ఒక ఘన సెంటీమీటరు చోటులో సాధారణముగా పదికి మించని కణములుండును. వేగము మాత్రము సెకనునకు సుమారు 400 కిలోమీటరులు. ఒక్కొక్కప్పుడు 700, 800 కిలోమీటరుల వరకు పెరుగును.

తోకచుక్కల తోకలు ఎల్లప్పుడును సూర్యునికి పెడమొగముగా నుండుటను బట్టి, ఏదో యొకటి వానిని నెట్టుచున్నదని జర్మను శాస్త్రజ్ఞుడు బియర్మాన్ 1951లో ఊహించెను. అది యెడతెగక వీచు పవనమేయని గణితముచే చూపినవాడు అమెరికా దేశస్థుడగు యూజీన్ పార్కర్. అతడు 1958లో వ్రాసిన పత్రమును పరిశీలించిన పండితు లిద్దరును అది ప్రకటింపదగినది కాదనిరి. ఆ పత్రికకు సంపాదకుడు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. నాటి భారతదేశమున లాహోరు నగరమున జన్మించినవాడు, పిమ్మట 1983లో నోబెల్ బహుమానము పొందినవాడు. పార్కర్ ఊహ అతనికిని రుచింపలేదు. అయినను గణితమున దోషము కానరానందున పత్రమును ప్రకటించెను. తనకు నచ్చకపోవుట వేరు, తప్పగుట వేరు అని తెలిసిన సంపాదకుడు దొరకుట పార్కర్ భాగ్యము. మరుసటి యేడు సోవియట్ దేశపు లూనా నౌకలు ఆ కణములను పసిగట్టెను. 1962లో శుక్రగ్రహమునకు పోవుచున్న మారినర్ 2 అను నౌక నెలల తరబడి ఆ పవనమును కొలిచి సందేహము తీర్చెను.

ఈ పవనము ఊరక పోదు. సూర్యుని అయస్కాంత క్షేత్రమును కూడ తనతో ఈడ్చుకొనిపోవును. దీపావళినాడు భూచక్రము వెలిగించిన బాలురకు ఈ సంగతి సులువుగా బోధపడును. చక్రమునుండి వెడలు ప్రతి నిప్పురవ్వయు తిన్నగానే పోవును. చక్రము తిరుగుచుండుటచే రవ్వల వరుస మాత్రము సుడి తిరిగినట్లు కనబడును. సూర్యుడు, భూమినుండి చూచువారికి, సుమారు 27 దినముల కొకమారు తన చుట్టు తాను తిరుగుచున్నాడు. అందుచే అయస్కాంత రేఖలును అట్లే సుడి తిరిగి దూరదూరములకు విస్తరించుచున్నవి.

ఈ రేఖల నడుమ హద్దులున్నవని మొదట చెప్పినది 1963 నవంబరులో ఎగిరిన ఐ.ఎం.పి. 1 అను కృత్రిమోపగ్రహము. దాని కొలతలను పరిశీలించిన విల్కాక్స్, నెస్ అను శాస్త్రజ్ఞులకు ఒక వింత కనబడెను. కొన్ని దినములు అయస్కాంత క్షేత్రము సూర్యునినుండి వెలుపలికి తిరిగియున్నది. పిమ్మట కొన్ని దినములు సూర్యునివైపునకు తిరిగియున్నది. సూర్యుడు ఒక చుట్టు తిరుగునప్పటికి ఇట్టి భాగములు నాలుగు కనబడెను. సూర్యుని చుట్టునున్న ప్రదేశమంతయు నారింజపండు తొనలవలె నిలువుగా విభక్తమైనదని నాడు పలువురు తలచిరి. అట్లు తలచుటలో తప్పులేదు. కాని చూచినవారందరును ఒకే యెత్తునుండి చూచినవారు. 1976లో పయొనీర్ 11 అను నౌక, గురుగ్రహపు ఆకర్షణచే పైకి విసరబడి, సూర్యుని మధ్యరేఖా తలమునకు 16 డిగ్రీల ఎత్తునకు పోయెను. అచ్చట తొనలు లేవు. క్షేత్రము ఒక్క దిశనే చూపుచుండెను. తొనలని తోచినవి నిజమునకు ఒకే పలుచని పొర. అది తిరుగుచున్న నాట్యకత్తె పావడావలె మడతలు మడతలుగా లేచి పడుచున్నది. మడత పైకి లేచినప్పుడు భూమి దానికి దిగువనుండును, పడినప్పుడు ఎగువనుండును. అంతియే. భూమి దాపున ఆ పొర మందము సుమారు 10,000 కిలోమీటరులు. సౌరపవనపు వేగమునకు అది ఒక నౌకను దాటిపోవుటకు అరనిమిషము కూడ పట్టదు.

ఇట్టి హద్దును కొలుచుట ఎంత సున్నితమైన పనియో చెప్పవలెను. ఆంధ్ర తెలంగాణ ప్రాంతములలో నేలమీద దిక్సూచిని త్రిప్పు భూమి అయస్కాంత క్షేత్రము సుమారు 40,000 నానోటెస్లాలు. భూమికి వెలుపల సౌరపవనమున అది సాధారణముగా ఐదు నానోటెస్లాల ప్రాంతమున ఉండును. సూర్యుని పొలిమేర దాపున ఒక నానోటెస్లాలో పదవ వంతు మాత్రమే. నౌకలోని తీగలు, యంత్రములు తామే అంతకు తీసిపోని అయస్కాంతత్వమును పుట్టించును. కనుక వాయేజర్ నౌకలకు 13 మీటరుల పొడవైన చేయి నమర్చి, దాని కొనయందొకటి, నడుమ నొకటిగా రెండు అయస్కాంతమాపకములను కట్టిరి. నౌకకు దగ్గరనున్నది నౌక సందడిని ఎక్కువగా వినును. దూరమునున్నది తక్కువగా వినును. రెండింటి భేదమును బట్టి ఇంటి చప్పుడు తీసివేసినచో వీధి చప్పుడు మిగులును.

వాయేజర్ 2 నౌక 1977 ఆగస్టు 20వ తేదీనను, వాయేజర్ 1 సెప్టెంబరు 5వ తేదీనను బయలుదేరెను. గ్రహములను చూచుట వాని మొదటి పని. అది ముగిసిన తరువాతను అవి నడచుచునే యుండెను. సౌరపవనము వీచుచు వీచుచు ఎచ్చటనో నక్షత్రముల నడుమనున్న పలుచని వాయువుచే అడ్డగింపబడవలెను. ఆ కలియు చోటే సూర్యుని పొలిమేర. హీలియోపాజ్ అని శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు. దానికి ముందే పవనవేగము ఒక్కుమ్మడిగా తగ్గు చోటొకటి కలదు. చదునైన బండమీద కుళాయినీరు పడునప్పుడు చూడుడు. నీరు మొదట పలుచగా, వడిగా నలువైపుల పరచుకొనును; కొంతదూరమున ఒక వలయమువలె లేచి మందగించును. అట్టి వలయమును వాయేజర్ 1 నౌక 2004 డిసెంబరులో, భూమికి సూర్యునికి గల దూరమునకు 94 రెట్ల దూరమున దాటెను. వాయేజర్ 2 నౌక 2007 ఆగస్టులో 84 రెట్ల దూరముననే దాటెను. అంతేకాదు, రెండవ నౌక కొద్ది దినములలోనే ఆ వలయమును పలుమారులు దాటెను. నౌక వెనుకకు రాలేదు; హద్దే ముందునకు వెనుకకు ఊగుచుండెను. రాళ్లు పాతి హద్దును నిలుపుకొనుటకు అలవాటుపడిన మనుష్యులకు ఇది మరువరాని పాఠము.

ఇక 2012వ సంవత్సరపు కథ. ఆ యేడు జూలై చివర నొకమారు, ఆగస్టు నడుమ నొకమారు వాయేజర్ 1 చుట్టునున్న సౌరకణములు హఠాత్తుగా తగ్గి మరల పెరిగెను. ఆగస్టు 25వ తేదీన తగ్గినవి మరి పెరుగలేదు. నక్షత్రలోకమునుండి వచ్చు విశ్వకిరణములు ఎన్నడును లేనంతగా హెచ్చెను. అయస్కాంత క్షేత్రము బలమును పెరిగెను. నాటికి నౌక సూర్యునినుండి 121 రెట్లకు పైగా దూరమున నుండెను. ఈ గుర్తులు చూచినవారెవరైనను పొలిమేర దాటినదనియే తలతురు. కాని ఒక్క సాక్షి ఒప్పుకొనలేదు. ఆ సాక్షి అయస్కాంతమాపకము.

సూర్యుని క్షేత్రము ఒక దిశనుండును, నక్షత్రముల నడుమనున్న క్షేత్రము వేరొక దిశనుండును, కనుక హద్దు దాటినంతనే దిశ మారవలెను అని అందరును ఎదురుచూచుచుండిరి. బలము పెరిగినది గాని దిశ మారలేదు. రెండు డిగ్రీలైనను తిరుగలేదు. ప్రవాహమును నేరుగా కొలువగల ప్లాస్మా పరికరమున్నచో చిక్కు క్షణములో తీరెడిది. అది 1980లోనే చెడిపోయినది. 2013 మార్చిలో ఒక పత్రము, నౌక సౌరపవన మండలమును వీడినదని చెప్పగా వార్త లోకమంతయు ప్రాకెను. వాయేజర్ పరిశోధనకు నాయకుడగు ఎడ్వర్డ్ స్టోన్ వెంటనే, అయస్కాంత దిశ మారువరకు అట్లు చెప్పుటకు వీలులేదని ప్రకటించెను. 1972 నుండి ఆ పనికే అంకితమైన మనిషి అతడు. “దాటితిమి” అను మాటను చెప్పవలెనని అతనికంటె ఎక్కువ ఆశపడదగినవాడు మరియొకడు లేడు. అట్టివాడు చేతికందిన కీర్తిని ప్రక్కకు నెట్టి, ఒక్క సాక్షి ఒప్పుకొనలేదను కారణముచే ఆగెను.

చిక్కు విప్పినది సూర్యుడే. 2012 మార్చిలో సూర్యునియందు కలిగిన పెద్ద విస్ఫోటము పదమూడు నెలలు ప్రయాణము చేసి, 2013 ఏప్రిల్‌లో నౌకయున్న చోటికి చేరెను. ఆ తాకిడికి అచ్చటి ఎలక్ట్రానులు గంట మ్రోగినట్లు కంపించెను. ఆ కంపనము సెకనునకు సుమారు 2,600 మారులు. మనుష్యుని చెవికి వినబడు స్వరపు స్థాయిలోనిదే. కణములు దట్టమైనకొలది స్వరము హెచ్చును. అయోవా విశ్వవిద్యాలయమునందలి డొనాల్డ్ గర్నెట్, అతని సహచరులు ఆ స్వరమును బట్టి కణముల సాంద్రతను లెక్కించిరి. అది ఘన సెంటీమీటరునకు 0.08, పొలిమేరకు లోపల ఉండవలసినదానికి నలుబది రెట్లకు పైబడినది. అంత సాంద్రత నక్షత్రముల నడుమ మాత్రమే ఉండును. అంతకుముందు 2012 చివరలో వినబడిన సన్నని స్వరమును కూడ కలిపి వెనుకకు లెక్కింపగా, తేదీ ఆగస్టు 25కే వచ్చి నిలిచెను. 2013 సెప్టెంబరు 12వ తేదీన ప్రకటన వెలువడెను.

అంతటితో వాదము ముగియలేదు. మిషిగన్ విశ్వవిద్యాలయమునకు చెందిన గ్లోక్లర్, ఫిస్క్ అను ఇద్దరు ఆ నిర్ణయమునకు సమ్మతింపలేదు. నౌక యింకను లోపలనే యున్నదనిరి. ఊరక అనుట కాదు; తమ మాట నిజమైనచో మరి రెండేండ్లలో నౌక సూర్యుని విద్యుత్ప్రవాహపు పొరను దాటి, అయస్కాంత దిశ తారుమారు కావలెనని 2014లో వ్రాసిరి. అనగా తాము ఓడిపోవు దారిని తామే చూపిరి. దిశ తారుమారు కాలేదు. వాదమున ఓడిన వీరిని గూర్చి పాఠ్యగ్రంథములు ఏమియు చెప్పకుండుట న్యాయము కాదు. గెలిచినవాని మాటను పరీక్షకు నిలిపినవారు వీరే.

2018 నవంబరు 5వ తేదీన వాయేజర్ 2 నౌక 119 రెట్ల దూరమున పొలిమేర దాటెను. దాని ప్లాస్మా పరికరము అప్పటికి పనిచేయుచుండెను. సౌరపవనము ఆగిపోవుట అందులో స్పష్టముగా కనబడెను. ఈమారు ప్రకటనకు ఏడాది పట్టలేదు. డిసెంబరు 10వ తేదీననే వెలువడెను. వింత యేమనగా, ఈ నౌక దాటినప్పుడును అయస్కాంత దిశ దాదాపు మారలేదు. కనుక సాక్షి అబద్ధమాడలేదు. ప్రశ్న వేసినవారి ఊహయే సరికాలేదు. బయటి క్షేత్రపు రేఖలు సూర్యుని పవనమండలమును దుప్పటివలె చుట్టుకొని హద్దుకడ లోపలి రేఖలకు సమాంతరముగా ఒదుగుచున్నవని కొందరు చెప్పుదురు. రెండు చోట్లను అట్లే యెందుకు ఒదిగెనన్న ప్రశ్నకు అందరును సమ్మతించిన సమాధానము దొరకలేదు.

ఇచ్చట కొందరు ఆక్షేపింపవచ్చును: “ఎదురుచూచిన గుర్తే తప్పు గుర్తు. తేదీ చూడగా మొదట అనుకొన్నదే. మరి ఏడాది యాగుటచే ఏమి లాభము?” లెక్కల పుస్తకము చివరనున్న జవాబు చూచి వ్రాసిన బాలునికిని, మెట్టు మెట్టుగా చేసి అదే జవాబు పొందిన బాలునికిని గల భేదమే లాభము. ఆగస్టులోనే ప్రకటించినచో అది సరియైన ఊహ మాత్రమై యుండెడిది. సాంద్రత యెంతయో తెలియకపోయెడిది. అన్నిటికంటె ముఖ్యముగా, అయస్కాంత దిశ మారకపోవుటను ఎవరును పట్టించుకొనక, “పరికరమేదో పొరబడినది” అని త్రోసివేసెడివారు. ఆగుటచేతనే ఆ మౌనసాక్షి మాటకు విలువ వచ్చినది. శాస్త్రమునకు ఒక కొత్త ప్రశ్న దొరకినది.

“సౌరకుటుంబమును దాటినది” అను మాట మాత్రము తప్పే. నౌక దాటినది సూర్యుని పవనపు పొలిమేరను. సూర్యుని ఆకర్షణకు పొలిమేర అది కాదు. తోకచుక్కలకు పుట్టినిల్లని చెప్పబడు ఊర్ట్ మేఘము ఇంకను ఎంతో దూరమున నున్నది. దాని లోపలి అంచును చేరుటకే వాయేజర్ నౌకకు మూడువందల యేండ్లు పట్టునని అంచనా. ఒకే గ్రామమునకు ఠాణాకు ఒక హద్దు, తపాలాకు ఒక హద్దు, పంటకాలువకు ఒక హద్దు ఉండుటలేదా? ఏ హద్దో చెప్పక “హద్దు దాటినది” అనుట అర్ధసత్యము.

లోపలివైపునను ఒక హద్దు కలదు. సూర్యునికి మిక్కిలి చేరువలో అయస్కాంత శక్తి కణములను పట్టి యుంచును. కొంతదూరము పోయిన పిమ్మట పవనము ఆ పట్టు విడిపించుకొనును. పార్కర్ పేరు పెట్టబడిన నౌక 2021 ఏప్రిల్ 28వ తేదీన ఆ హద్దును దాటి సూర్యుని వాతావరణములోనికి తొలిమారు ప్రవేశించెను. ఆ వార్త అదే యేడు డిసెంబరులో వెలువడెను. నాడు పత్రము త్రోసివేయబడిన పార్కర్, 94 ఏండ్ల వయస్సున, ఆ వార్తను వినుటకు జీవించియుండెను. 2022 మార్చిలో కన్నుమూసెను.

ఇంతదూరపు హద్దులతో మనకేమి పనియని అనువారు భూమి హద్దును గూర్చి యోచింపవలెను. భూమి అయస్కాంత క్షేత్రము సౌరపవనమును మన తలలపై పడకుండ సుమారు అరువదివేల కిలోమీటరుల యెత్తుననే అడ్డగించుచున్నది. ఆ కోట తలుపు తెరచుకొనుటయు మూసికొనుటయు చాలవరకు పవనము తెచ్చు క్షేత్రపు దిశను బట్టి యుండును. అది దక్షిణమునకు తిరిగినప్పుడు భూమి రేఖలతో ముడిపడి తలుపు తెరచుకొనును. 1989 మార్చి 13వ తేదీన అట్టి తుపానుచే కెనడా దేశమందలి క్విబెక్ రాష్ట్రమున అరువది లక్షలమంది తొమ్మిది గంటలు విద్యుత్తు లేక చీకటిలో గడపిరి. మన శ్రీహరికోటనుండి 2023 సెప్టెంబరు 2వ తేదీన ఎగిరిన ఆదిత్య ఎల్1 నౌక, భూమికి 15 లక్షల కిలోమీటరుల దూరమున నిలిచి ఆ పవనమును ముందుగా తాకి చూచుటకు ఏర్పడినది. దానికిని ఆరు మీటరుల చేయి కలదు. ఆ చేతిమీద రెండు అయస్కాంతమాపకములు కలవు. వాయేజర్‌కు చేసిన యుక్తియే. ఆ చేయి 2024 జనవరి 11వ తేదీన చాపబడెను.

వాయేజర్ నౌకల విద్యుత్తు ఏటేట నాలుగు వాట్ల చొప్పున తరుగుచుండెను. అందుచే పరికరములను ఒక్కొక్కటిగా ఆర్పవలసివచ్చెను. వాయేజర్ 2 ప్లాస్మా పరికరమును 2024లోను, వాయేజర్ 1 విశ్వకిరణ పరికరమును 2025లోను ఆర్పిరి. ఆ యేడు రెండు నౌకలందును అయస్కాంతమాపకమును వెలుగనిచ్చిరి. ఆ యెంపిక యుక్తమైనది. పొలిమేరకు దూరమైనకొలది ఆ దిశ మెల్లగా తిరిగి నక్షత్రముల నడుమనున్న అసలు దిశతో ఎచ్చట కలియునో చెప్పగల సాక్షి అది యొక్కటే. ఆ సాక్షి పలికిన మాట వాయేజర్ 1 నుండి భూమిని చేరుటకు 2025లో ఇరువదిమూడు గంటలు పట్టుచుండెను.